ముగింపు మొదటి రోజే తీసేశారు

అత్త గిన్నెలు తోముతోంది. కోడలు గడప పక్కన కుర్చీ వేసుకుని, ఎదురుగా పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. నెలలు నిండుతున్న మనిషి కాబట్టి అత్త ఆమెను పని ముట్టుకోనివ్వడం లేదు. వాకిట్లో ఆగిన వ్యానులోంచి దర్శకుడు దిగి, ఈ దృశ్యం చూసి అక్కడే నిలబడిపోయాడు. ఆయన ముఖంలో బాధ స్పష్టంగా కనిపించింది.

"మేడమ్, ఇలా ఉంటుందని మీ రిపోర్టులో లేదే?" అన్నాడు వెనక దిగుతున్న పరిశోధకురాలితో.

పరిశోధకురాలు కళ్ళజోడు సవరించుకుని చూసింది. "లేదు," అంది. ఆవిడ ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి.

పల్లెల్లో గర్భిణులు ఆసుపత్రికి ఎందుకు ఆలస్యంగా చేరుతున్నారు, చేరాక ఎందుకు చనిపోతున్నారు అన్న విషయం మీద ఆవిడ ఏళ్ళ తరబడి పని చేసి ఒక రిపోర్టు రాసింది. చాలా బరువైన రిపోర్టు. రాసినవాళ్ళు తప్ప దాన్ని వేరెవరూ చదవలేదని తేలడంతో, పరిశోధన ఫలితాలను ప్రజల దగ్గరికి తీసుకెళ్ళాలని పైవాళ్ళు తీర్మానించారు. ప్రజలు చదవరు, కానీ చూస్తారు అని అంతకు ముందే ఎవరో ఇంకో రిపోర్టులో రాసి ఉన్నారు. కాబట్టి డాక్యుమెంటరీ మంజూరైంది. పేరు 'అమ్మా, ఆలస్యం వద్దు'.

రిపోర్టు ప్రకారం ఆలస్యానికి కారణాలు నాలుగు. మొదటిది అత్త. రెండోది భర్త. మూడోది దారి. నాలుగోది, తీరా వెళ్ళేసరికి ఆసుపత్రిలో డాక్టరు లేకపోవడం. చిత్రం ఆసుపత్రి సౌజన్యంతో తీస్తున్నది కాబట్టి, నాలుగో కారణాన్ని నిడివి పెరుగుతుందని వదిలేశారు. దారి చేత నటింపజేయడం కష్టమని మూడోదాన్నీ వదిలేశారు. మిగిలినవాళ్ళు ఇంట్లోనే దొరుకుతారు.

ఈ ఇల్లే ఎందుకంటే, వంటగది కిటికీలోంచి వెలుతురు ఏటవాలుగా పడుతుంది. గోడకు సున్నం కూడా సరిగ్గా ఊడవలసిన చోటే ఊడింది. కోడలికి నెలలు కూడా కలిసొచ్చాయి. ఇన్ని సౌకర్యాలున్న ఇంట్లో అత్త గిన్నెలు తోముతూ కనబడటం ఒక్కటే లోపం. దాన్ని అక్కడికక్కడే సరిదిద్దారు.

"అమ్మా, మీరు లేవండి. కుర్చీలో మీరు కూర్చోవాలి. ఆ అమ్మాయి తోమాలి."

"దానికి వంగడం కష్టం బాబూ, పొట్ట అడ్డమొస్తుంది," అంది అత్త.

"అదేనండీ మాకు కావలసింది," అన్నాడు దర్శకుడు.

అత్త చేతులు కడుక్కుని కుర్చీలో కూర్చుంది. కోడలు గోడ పట్టుకుని మెల్లగా కిందికి దిగి, గిన్నె చేతిలోకి తీసుకుంది. పరిశోధకురాలి ముఖం తేటపడింది. ఇన్నేళ్ళ తర్వాత తన రిపోర్టు కళ్ళ ముందు కదులుతుంటే ఎవరికైనా సంతోషంగానే ఉంటుంది.

తర్వాత, చిత్రీకరణకు ముందే, రిహార్సల్‌లో భర్త సంగతి చూశారు. కొడుకు వెల్డింగ్ షాపులో పని చేస్తాడు. భార్య బిందె మోస్తుంటే పట్టించుకోకుండా ఫోను చూస్తూ కూర్చోమని అతనికి చెప్పారు. బాగానే కూర్చున్నాడు. కానీ కోడలు బిందె ఎత్తగానే లేచి అందుకున్నాడు. మళ్ళీ చెప్పారు. మళ్ళీ అందుకున్నాడు. ఆఖరికి పరిశోధకురాలు అతన్ని పక్కకు పిలిచి, అతను నొచ్చుకోకుండా వివరించింది.

"చూడు నాన్నా, నువ్వు మంచివాడివే, కాదనను. కానీ నువ్వు ఈ ప్రాంతపు భర్తలకు ప్రతినిధివి కాదు."

"అంటే నేనేం చెయ్యాలి మేడమ్?"

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంట్లో కనబడకు. చూసేవాళ్ళు కంగారుపడతారు. ఒకే ఇంట్లో ఇద్దరు భర్తలుండటం మన సందేశం కాదు."

భర్త వేషానికి పక్క వీధి దర్జీని తెచ్చారు. ఫోను చూడటం అతనికి చక్కగా వచ్చింది. కాకపోతే దర్జీ భార్య రోజూ ఒక స్టూలు తెచ్చుకుని ఎదురుగా కూర్చునేది. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. అయినా దర్జీ నటన రోజురోజుకూ ముడుచుకుపోయింది.

ఇక చిత్రీకరణ గురించి ఒక చిన్న విషయం చెప్పాలి. సినిమా తీసేవాళ్ళు కథను వరసగా తీయరు. ఏది దొరికినప్పుడు అది తీస్తారు. ఆసుపత్రి వాహనమూ, పెద్ద డాక్టరుగారూ మొదటి రోజు మాత్రమే దొరుకుతారని కబురొచ్చింది. వాహనం కథ చివర్లో వస్తుంది. కాబట్టి ముగింపు మొదటి రోజే తీసేశారు. అంటే, ఆలస్యం చేసి చేసి చివరికి కోడలిని వాహనంలో ఎక్కించడం, దారిలోనే ప్రాణం పోవడం, అత్త గుండెలు బాదుకుని మారిపోవడం.

మొదట పెద్ద డాక్టరుగారు ప్రసంగించారు. వాకిట్లో బల్ల వేశారు, ఊరంతా చుట్టూ నిలబడింది.

"సోదర సోదరీమణులారా," అన్నారాయన. "తల్లి అంటే ఎవరు? తల్లి ఒక సూచిక. ఆ సూచిక పైకి పోతే నాకు నిద్ర పట్టదు, ఎందుకంటే పైనుంచి ఫోన్లు వస్తాయి. ఈ ఇంటి కోడలు మనందరి మేలు కోరి ఈ రోజు మన ముందు చనిపోవడానికి ఒప్పుకుంది. ఆమె త్యాగం వృథా కాకూడదు. ప్రతి ఇంట్లోనూ ఇలాంటి కోడలు ఉండాలని ఆశిస్తున్నాను."

చప్పట్లు మోగాయి. కోడలు కూడా కొట్టింది, కొట్టకపోతే మర్యాదగా ఉండదని.

అత్తకు మాత్రం ఆ మాట మింగుడు పడలేదు. "కడుపుతో ఉన్న పిల్లని తెల్లగుడ్డ కప్పి పడుకోబెట్టడమేంటి బాబూ? అదేం మాట? వేరే ఇంకేదైనా తీసుకోండి."

"మూఢనమ్మకాల మీద కూడా ఇది ఒక పోరాటం అమ్మా," అంది పరిశోధకురాలు.

మేకప్ అమ్మాయి కోడలి పాదాలకు పిండిముద్ద లాంటిదేదో మెత్తి, రంగు పూసి, గుండ్రంగా వాపు తెప్పించింది. చాలా అందంగా వచ్చిందని అందరూ వంగి చూశారు. కోడలిని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి గుడ్డ కప్పారు. అత్తను పక్కన కూర్చోబెట్టి ఏడవమన్నారు. అత్తకు ఏడవడం రాదేమోనని దర్శకుడు కళ్ళలో నీళ్ళు తెప్పించే మందుసీసా ముందే తెప్పించి పెట్టాడు. అవసరం పడలేదు. గుడ్డ కింద బిడ్డ కదిలి, గుడ్డ కాస్త లేచింది. అది చూసి అత్త పెట్టిన ఏడుపుకి ఊరు ఊరంతా కళ్ళు తుడుచుకుంది. ఒక్కసారికే సరిపోయింది.

కోడలు పొద్దున చనిపోయి, మధ్యాహ్నం లేచి అన్నం తింది. వాహనం వెళ్ళిపోయింది. పెద్ద డాక్టరుగారూ వెళ్ళిపోయారు. ఇక మిగిలింది ఆమె ఎలా చనిపోయిందో తీయడమే.

దర్శకుడు ఆ సాయంత్రం అత్త దగ్గరికి ప్రత్యేకంగా వచ్చాడు. "అమ్మా, నేను పట్నంలో ఎంతోమందితో పని చేశాను. ఇలాంటి ముఖం ఎక్కడా చూడలేదు. మీ కళ్ళలో ఏదో ఉంది," అన్నాడు.

అత్త జీవితంలో ఆమె కళ్ళలో ఏదో ఉందని చెప్పిన మొదటి మనిషి ఈయనే. పోయిన భర్త ఆమె వంటలో ఏదో తక్కువైందని మాత్రం తరచూ చెప్పేవాడు. ఆ సాయంత్రం ఆమె అద్దం ముందు కొంచెం ఎక్కువసేపు నిలబడింది.

మర్నాటి నుంచి నేరం మొదలైంది. అత్త కోడలిని గదమాయించాలి, కోడలు బిందె ఎత్తాలి. గర్భిణులు బరువులు మోయకూడదన్న సందేశం ప్రజల మనసుల్లో నాటుకోవాలంటే, మోస్తున్నట్టు స్పష్టంగా కనబడాలి. మొదట ఖాళీ బిందెతో తీశారు. ఖాళీ బిందె చంకలో ఊగుతోందని దర్శకుడు ఒప్పుకోలేదు. సగం నింపారు. నడుము సరిగ్గా వంగలేదు. మొత్తం నింపారు. అప్పుడు సహజత్వం వచ్చింది. అది ఎదురుగా ఒకసారి, పక్కనుంచి ఒకసారి, నీడ మాత్రమే కనిపించేలా ఒకసారి, పాదాలు మాత్రమే కనిపించేలా ఒకసారి తీశారు. మధ్యలో ఒక కోడి అడ్డం వచ్చింది కాబట్టి మళ్ళీ అన్నీ తీశారు.

పక్కింటి వదిన గోడ మీదుగా చూసి చూసి, సాయంత్రం అత్తను పట్టుకుంది.

"ఏం వదినా, మొన్నటిదాకా కోడల్ని కాలు కింద పెట్టనిచ్చేదానివి కాదు. ఇప్పుడేంటి, పిల్లని నమిలేస్తున్నావంట?"

"అది సినిమా వదినా."

"సినిమా అయితే మరి బిందెలో నీళ్ళెందుకు?"

"నీకు ఇలాంటివి అర్థం కావులే," అని అత్త లోపలికి వచ్చేసింది. పదిమందికి పరిచయమవుతున్న మనిషికి ఇరుగుపొరుగు అసూయ మామూలేనని ఆమెకు ఈ మధ్యే తెలిసింది.

మొదట్లో వ్యాను వీధి మలుపు తిరగగానే అత్త మళ్ళీ మామూలు అత్త అయ్యేది. కోడలిని పడుకోబెట్టి, కాళ్ళ కింద దిండు పెట్టి, పొద్దంతా అన్న మాటలకు తల నిమిరేది. "మనసులో పెట్టుకోకు తల్లీ, నేను కాదు అంటున్నది." కోడలు నవ్వేది. "తెలుసులే అత్తయ్యా. కానీ నిన్నటికంటే ఇవాళ బాగా తిట్టారు."

అత్తకు ఆ మెప్పు ఇష్టంగా ఉండేది. దాంతో రాత్రి భోజనాల ముందు మర్నాటి మాటలు ఒకసారి అనుకుని చూసుకోవడం అలవాటైంది. కనుబొమ ఎంత ఎత్తాలి, ఏ మాట దగ్గర ఆగాలి. ఒక సాయంత్రం అలా కుర్చీలో కూర్చుని అనుకుంటూ అనుకుంటూ తలెత్తి చూసేసరికి గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి. ఎవరు తోమారో ఆమె చూడలేదు. తడి చేతులు కోడలివి.

"నన్ను పిలవకపోయావా?"

"మీరు ప్రాక్టీసులో ఉన్నారు కదా అని," అంది కోడలు.

ఇలా ప్రజల్లో మార్పు తీసుకురావడమే చిత్రం ఉద్దేశం కాబట్టి, ఆ మార్పు ఈ ఇంటి నుంచే మొదలైందని చెప్పుకోవచ్చు.

చివరి రోజు పొద్దున మేకప్ అమ్మాయి పిండిముద్ద డబ్బా తెరిచి, కోడలి పాదాలు చూసి మూత పెట్టేసింది. పాదాలు వాటంతట అవే వాచి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడి, ఆ గుంట అలాగే ఉంది. చేతి గాజులు మోచేతి వైపు కదలడం లేదు. కళ్ళ కింద కూడా ఉబ్బింది.

"సార్, ఇవాళ నాకు పని లేదు," అంది ఆ అమ్మాయి సంతోషంగా.

దర్శకుడు వంగి చూశాడు. సంతోషించలేదు. "ఇది కుదరదు. మొదటి రోజు వాపు గుండ్రంగా ఉంది, పాదం మీద మాత్రమే ఉంది. ఇది పిక్కదాకా పాకింది. రెండూ పక్కపక్కన వేస్తే ఎవరిదో కాలనుకుంటారు. చనిపోయేటప్పుడు తక్కువ వాపు, అంతకు ముందు ఎక్కువ వాపు ఎలా ఉంటుంది?"

పరిశోధకురాలిని అడిగారు. ఆవిడ రిపోర్టులోని ఫొటో తీసి, కాళ్ళ పక్కన పెట్టి పోల్చింది. "మన ఫొటోలో ఉన్నట్టు లేదు," అంది. "ఇది అంత నమ్మదగ్గదిగా అనిపించడం లేదు."

కాబట్టి పిక్కల మీద దుప్పటి కప్పి, నిజమైన వాపు మీద పిండి వాపు అతికించి, మొదటి రోజుకు సరిపోయేలా చేశారు. మేకప్ అమ్మాయికి పని దొరికింది.

ఆ రోజు తీయవలసింది చిత్రానికి ప్రాణం లాంటి దృశ్యం. నర్సమ్మ ఇంటికి వచ్చి కోడలికి రక్తపోటు చూసి హెచ్చరిస్తుంది. అత్త వినదు. నర్సమ్మ వేషానికి ఊళ్ళో పని చేసే నర్సమ్మనే పెట్టారు. సహకరించమని ఆమెకు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. రక్తపోటు మిషన్ కూడా ఆమెదే. కాకపోతే అది కూత పెడుతోందని, మాటలు సరిగ్గా రికార్డు కావడం లేదని, ముందు రోజు రిహార్సల్‌లోనే దాని బ్యాటరీలు తీసి ఎక్కడో పెట్టారు.

నర్సమ్మ కోడలి చేతికి పట్టీ చుట్టి, కాగితంలో రాసిచ్చిన మాటలు చెప్పింది.

"అమ్మా, తలనొప్పి, కళ్ళు మసకబారడం, ముఖమూ చేతులూ వాయడం. ఇవి ప్రాణం మీదికి వచ్చే లక్షణాలు. ఒక్క క్షణం ఆలస్యం చేసినా తల్లీబిడ్డా దక్కరు. వెంటనే తీసుకెళ్ళండి."

అత్త కనుబొమ ఎత్తి, ఒక్క క్షణం ఆగి, అంది. "మా రోజుల్లో ఇవన్నీ ఎరుగుదుమా? చేలో పని చేస్తూ చేస్తూ కన్నాం. కూర్చోబెట్టి మేపడానికి తెచ్చుకోలేదు దీన్ని."

బాగా వచ్చింది. అయితే నర్సమ్మ గొంతులో తొందర చాల్లేదు. మళ్ళీ తీశారు. ఈసారి తొందర ఎక్కువైంది. మళ్ళీ తీశారు. దర్జీ తన భార్య వైపు చూశాడు. మళ్ళీ తీశారు. ఎండ కిటికీలోంచి జరిగిపోతే మళ్ళీ లైటు పెట్టి తీశారు. నర్సమ్మ అదే మాట చెప్పింది, అత్త అదే మాట కాదంది. ఆడవాళ్ళ ఆరోగ్యం గురించి ఈ ఊళ్ళో ఒకే రోజున ఇన్నిసార్లు ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు.

ఒక టేకుకీ ఇంకో టేకుకీ మధ్య కోడలు అత్త వైపు ఒరిగింది.

"అత్తయ్యా, తల పగిలిపోతోంది."

"ఇంకొక్కసారి అయితే అయిపోతుంది తల్లీ. తర్వాత పడుకుందువుగాని," అంది అత్త, తన మాటలు మర్చిపోకుండా పెదవులు కదుపుకుంటూ.

సౌండు మనిషి చెవుల మీది డిప్పలు తీసి, "సార్, ఆ అమ్మాయి ఏదో అంటోంది. ఆ అమ్మాయికి మాటలు లేవు కదా?" అన్నాడు.

నిజమే, లేవు. పల్లెటూరి గర్భిణికి ఇంట్లో నోరు ఉండదని రిపోర్టులో తేలింది. అందుకని కోడలికి ఒక్క డైలాగు కూడా రాయలేదు.

మళ్ళీ తీశారు. నర్సమ్మ "కళ్ళు మసకబారడం" అన్న చోట కోడలు మెల్లగా అంది. "అత్తయ్యా, మీరు ఇద్దరిద్దరు కనబడుతున్నారు."

అత్త కనుబొమ ఎత్తింది. ఎత్తిన కనుబొమ అక్కడే ఆగిపోయింది. పొద్దున్నుంచి నర్సమ్మ నోట విని విని ఆ మాటలు ఆమెకు తన మాటలకంటే బాగా వచ్చేశాయి. వాటిని ఇప్పుడు ఒక్కొక్కటిగా కోడలి మీద పెట్టి చూసుకుంది. గాజుల దగ్గర చూసింది. కళ్ళ కింద చూసింది. చిత్రం ఇంకా పూర్తి కాలేదు, ఎక్కడా వేయలేదు. అయినా అది అప్పటికే ఒక మనిషికి అర్థమైంది. ఆ మనిషికి అర్థం కావడం కథలో ఇంకా చాలా దూరం ఉంది. అదే చిక్కు.

"నర్సమ్మా, నువ్వు చెప్పేవన్నీ దీనికి ఉన్నాయి కదే," అంది అత్త.

"కట్," అన్నాడు దర్శకుడు. "అమ్మా, అది మీ మాట కాదు. మీరు నమ్మకూడదు."

"నమ్మకపోవడమేంటి బాబూ, పిల్లకి కళ్ళు కనబడటం లేదంటోంది."

నర్సమ్మ మిషన్ వైపు చూసింది. "బ్యాటరీలు ఎక్కడ పెట్టారండీ?" అని అడిగింది. ఎవరికీ గుర్తు లేదు. "చూడకుండా నేను ఏమీ చెప్పకూడదు పెద్దమ్మా," అంది ఆమె, ఇంతసేపూ చూడకుండానే చెప్పిన మనిషి.

"ఆసుపత్రి బండికి ఫోన్ చెయ్యండి మరి," అంది అత్త.

"వాహనం సీను అయిపోయిందమ్మా," అన్నాడు దర్శకుడు ఓపికగా. "మీ కోడలు చనిపోవడం మొదటి రోజే తీసేశాం. చాలా బాగా వచ్చింది. ఇంకోసారి అక్కర్లేదు."

అత్త పరిశోధకురాలి వైపు తిరిగింది. చదువుకున్న మనిషి, ఆడమనిషి, ఈ చావుల గురించే ఏళ్ళ తరబడి తిరిగిన మనిషి. పరిశోధకురాలు దగ్గరికి వచ్చి అత్త భుజం మీద చెయ్యి వేసింది.

"మీ ఆత్రం నాకు అర్థమైంది. కానీ మీరు ఇప్పుడే మారిపోతే ఎలా చెప్పండి? మీరు మారేది ఆ అమ్మాయి పోయాక. ఇప్పుడు మారితే ఇంకెవరి గురించి తీస్తాం?" అంది. ఆవిడ గొంతు ఎంతో దయగా ఉంది. "ఒక్క టేకు. వెలుతురు పోతోంది."

అత్త కూర్చుంది. కోడలు కూర్చుంది. నర్సమ్మ మళ్ళీ పట్టీ చుట్టింది.

ఆ తర్వాత జరిగినదాని గురించి ఆఫీసు కాగితాల్లో 'స్థానికుల సహకార లోపం వల్ల చివరి రోజు చిత్రీకరణకు అంతరాయం' అని ఉంది. వివరాలు ఇవి. వాకిట్లో ఉన్న యూనిట్ వ్యానులో నిద్రపోతున్న డ్రైవరు, ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి ఎక్కేసరికి ఇది కూడా షూటింగే అనుకుని, మంచి నటుడనిపించుకోవాలని శక్తికొద్దీ వేగంగా నడిపాడు. దాంతో రిపోర్టులోని మూడో కారణం అడ్డురాలేదు. ఆసుపత్రిలో ఆ రోజు డాక్టరు ఉంది. ఇలా జరుగుతుందని పరిశోధనలో ఎవరూ ఊహించలేదు. ఇంకొంచెం ఆగి ఉంటే మూర్ఛలు వచ్చేవని ఆ డాక్టరమ్మ అత్తను నాలుగు చీవాట్లు పెట్టింది. ఇంత పొద్దుపోయేదాకా ఏం చేస్తున్నారని అడిగింది. ఆలస్యం చేయకూడదని సినిమా తీస్తున్నామని అత్త చెప్పలేకపోయింది. తెల్లారేసరికి ఆడపిల్ల పుట్టింది. బక్కపిల్లే కానీ గొంతు గట్టిది. కోడలికి చూపు నిలబడింది. వెల్డింగ్ షాపు నుంచి పరిగెత్తుకొచ్చిన కొడుకు, ఆసుపత్రి బయట ఎవరికీ ప్రతినిధి కాకుండా కూర్చుని ఏడ్చాడు.

ఈ సంగతి చిత్రంలో పెట్టాలా వద్దా అని సమావేశం జరిగింది. పరిశోధన చనిపోయిన తల్లుల మీద జరిగింది కాబట్టి, బతికినవాళ్ళు దాని పరిధిలోకి రారని నిర్ణయించారు. పైగా అత్త తనంతట తాను కోడలిని ఆసుపత్రికి తీసుకెళ్ళినట్టు చూపిస్తే, అత్తే మొదటి కారణమన్న ఫలితం బలహీనపడుతుంది. ముగింపు ఎలాగూ చేతిలో ఉంది.

'అమ్మా, ఆలస్యం వద్దు' ఇప్పుడు ఊరూరా వేస్తున్నారు. మీరూ చూసే ఉంటారు. గుడ్డ కాస్త కదిలే చోట మీరూ ఏడ్చి ఉంటారు. చిత్రం తర్వాత చర్చ ఉంటుంది. అత్తలు మారాలని అత్తలే ముక్తకంఠంతో అంటారు. మగవాళ్ళు చప్పట్లు కొట్టి ముందు వరసలోంచి లేస్తారు. అత్తకు పేరు కూడా వచ్చింది. మనవరాలికి టీకా వేయించడానికి వెళ్తే, బస్సులో ఎవరో ఆవిడ సీటు ఇవ్వబోయి, ముఖం చూసి మళ్ళీ కూర్చుంది.

"నువ్వే కదూ, కోడల్ని పొట్టన పెట్టుకున్నదానివి? మళ్ళీ ఎవరి పిల్లని ఎత్తుకుని తిరుగుతున్నావు?"

"ఆ కోడల్ని నేనేనండీ, బతికే ఉన్నాను," అంది పక్కన నిలబడ్డ కోడలు.

"నువ్వెవరమ్మా మధ్యలో? మేం కళ్ళారా చూశాం," అంది ఆవిడ. బస్సులో అందరూ ఆవిడ పక్షమే.

కత్తిరించి పక్కన పడేసిన ఆ చివరి టేకు ఇంకా ఎక్కడో ఒక డబ్బాలో ఉంది. చిన్న ముక్క. నర్సమ్మ చెప్పవలసింది చెబుతుంది. అత్త వంతు వస్తుంది, అత్త మాట్లాడదు. వంగి, కోడలి చేతికున్న పట్టీ విప్పుతుంది. చర్రుమని చప్పుడు. పాదాల మీది పిండిముద్దలు రెండు చేతులతోనూ ఊడదీసి పక్కన పెడుతుంది. కోడలి చెయ్యి తన భుజం మీద వేసుకుని, నడుము చుట్టూ పట్టుకుని లేపుతుంది. గది నిండా మనుషులే. కిటికీ దగ్గర, తలుపు దగ్గర, వసారాలో, గోడ అవతల, ఊరంతా అక్కడే ఉంది. అందరూ చూస్తున్నారు. కెమెరా తిరుగుతున్నంతసేపూ ఎవరూ నోరు మెదపకూడదని, అడ్డు రాకూడదని వాళ్ళకు ఒకే ఒక్కసారి చెప్పారు. దానికి పెద్దగా శిక్షణ అవసరం లేకపోయింది. దారి ఇవ్వడానికి మాత్రం ఒకరిద్దరు పక్కకు ఒత్తిగిలారు, తాము ఫ్రేములో పడకుండా. అత్త ఎవరి ముఖమూ చూడలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. కోడలిని పట్టుకుని, ఇంట్లోంచి బయటికి నడిచింది.